దూరం ఒకటే, సమయాలు రెండు: విమాన ప్రయాణ లెక్క మీద నా ప్రాజెక్టు డైరీ

శనివారం: పని మొదలు

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరమెంతో, విమానానికి ఎంతసేపు పడుతుందో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాను. ఇలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి. వాటితో నాకున్న పేచీ ఒక్కటే. చాలావాటిలో దూరాన్ని గంటకు 800 లేదా 900 కిలోమీటర్లతో భాగిస్తారు, పైన ఓ అరగంట కలుపుతారు, ఒక జవాబు చూపిస్తారు. అటు వెళ్లినా ఇటు వచ్చినా అదే జవాబు. న్యూయార్క్, లండన్ మధ్య నడిచే విమానాల టైమ్‌టేబుల్ తీసి చూడండి. లండన్ వెళ్లడానికి సుమారు ఏడు గంటలు, అక్కణ్నుంచి తిరిగి రావడానికి సుమారు ఎనిమిది గంటలు ఉంటుంది. దూరం మారలేదు, విమానమూ అదే రకం. మరి ఆ గంట ఎక్కడికి పోయింది? ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి కావలసింది ఆ గంట సంగతే. అందుకే నా ప్రోగ్రామ్ రెండు సమయాలు చూపించాలి, తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి.

రాస్తున్నది పైథాన్‌లో. ప్రతి దశలోనూ సరిచూసుకోవడానికి న్యూయార్క్ జేఎఫ్‌కే, లండన్ హీత్రో జంటనే పెట్టుకున్నాను. ప్రపంచంలో ఎక్కువ మంది కొలిచి చూసిన దారుల్లో అదొకటి, పోల్చుకోవడానికి సమాచారం దొరుకుతుంది.

ఆదివారం: విమానాశ్రయాల ఫైలు

అవర్‌ఎయిర్‌పోర్ట్స్ వాళ్ల ఫైలు దించుకున్నాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒక్కో వరుసలో విమానాశ్రయం పేరు, రకం, అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు, కోడ్‌లు ఉంటాయి. హెలిప్యాడ్‌లూ, మూతపడినవీ కూడా అందులోనే ఉంటాయి కనుక ముందు వాటిని తీసేయాలి. కోడ్‌లు రెండు రకాలు: టికెట్ మీద కనిపించే మూడక్షరాల ఐఏటీఏ కోడ్, పైలట్లూ కంట్రోలర్లూ వాడే, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకేవో పెట్టిన నాలుగక్షరాల కోడ్. చిన్న విమానాశ్రయాలకు చాలావాటికి మూడక్షరాల కోడ్ ఉండదు. అందుకని లోపల అంతా నాలుగక్షరాల కోడ్‌తో నడిపించి, టైప్ చేసేవాళ్లకి మాత్రం రెండూ ఒప్పుకునేలా పెట్టాను.

ఇక్కడో చిక్కు ఉంది. లండన్ మొత్తానికి ఎల్‌వోఎన్, న్యూయార్క్ మొత్తానికి ఎన్‌వైసీ అని నగర కోడ్‌లున్నాయి. అవి ఏ ఒక్క విమానాశ్రయానివీ కావు. ఎవరైనా అవి కొడితే ప్రోగ్రామ్ తనకు తోచింది ఎంచుకోకుండా, ఆ నగరంలోని విమానాశ్రయాల జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది.

ఈ ఫైల్లో టైమ్ జోన్ లేదు. దాని సంగతి తర్వాత.

మంగళవారం: దూరం

భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంట పోతుంది. గ్లోబు మీద ఒక దారాన్ని రెండు ఊళ్ల మధ్య బిగించి లాగితే అది నిలిచే గీత అదే. మామూలు మ్యాపు మీద గీస్తే మాత్రం వంగి కనిపిస్తుంది. జేఎఫ్‌కే దాదాపు 40.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, హీత్రో దాదాపు 51.5 మీద ఉన్నాయి. వీటి మధ్య దగ్గరి దారి 53 డిగ్రీలు దాటి పైకెళ్లి, మళ్లీ కిందికి దిగుతుంది. అంటే గమ్యం కన్నా ఉత్తరానికి వెళ్లి వస్తే దూరం తగ్గుతోంది! మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన తిన్నని గీత వెంట, అంటే దిక్సూచి దిశ మార్చకుండా పోతే, 5,759 కిలోమీటర్లు వచ్చింది. మహావృత్తం వెంట 5,540. రెండువందల పైచిలుకు కిలోమీటర్లు ఆదా.

ఈ 5,540 హావర్‌సైన్ సూత్రంతో వచ్చింది. కాగితం మీద లెక్కలు కట్టుకునే రోజుల్లో నావికుల కోసం పట్టికలు తయారు చేసిన సూత్రం ఇది, ఇప్పటికీ నాలుగైదు పంక్తుల కోడ్‌లో సరిపోతుంది. భూమి నిఖార్సైన గోళమనీ, వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లనీ అనుకుంటుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంది: భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378.137 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 6,356.752. దీనివల్ల హావర్‌సైన్ జవాబు అర శాతం దాకా అటూ ఇటూ కావచ్చు. ఆ అణగడాన్ని లెక్కలోకి తీసుకుంటే జేఎఫ్‌కే–హీత్రో దూరం సుమారు 5,555 కిలోమీటర్లు. తేడా 15 కిలోమీటర్లు, విమానానికి ఒక్క నిమిషం. సమయం లెక్కకి ఏదైనా ఒకటే. అయినా దూరం అని రాసి చూపించేటప్పుడు సరైన అంకె చూపించాలన్నది నా పట్టుదల.

అణిగిన భూమి మీద కొలవడానికి విన్సెంటీ 1975లో ఇచ్చిన పద్ధతి ఎక్కువమంది వాడతారు. భూగోళానికి దాదాపు అటువైపు ఇటువైపుగా ఉన్న రెండు చోట్ల మధ్య అది తేలకుండా తిరుగుతూనే ఉండిపోతుంది. 2013లో చార్ల్స్ కార్నీ ప్రచురించిన పద్ధతికి ఆ ఇబ్బంది లేదు, తయారుగా ఉన్న జియోగ్రఫిక్‌లిబ్ లైబ్రరీలో దొరుకుతుంది. దాన్నే పెట్టాను. హావర్‌సైన్‌ని తీసేయలేదు, పక్కన తనిఖీకి ఉంచాను: రెండు జవాబుల మధ్య తేడా అర శాతం మించితే ఏదో ఒక లెక్కకి ఇచ్చేటప్పుడు అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయని అర్థం.

ఫిజీలోని నాడీ నుంచి సమోవా వెళ్లే దారి లాంటివి 180 డిగ్రీల రేఖాంశాన్ని దాటతాయి. దూరం లెక్కకి ఏమీ కాదు. మ్యాపు మీద గీత గీసేటప్పుడే ఇబ్బంది, తెర మొత్తం అడ్డంగా ఒక గీత పోతుంది. ఆ రేఖ దగ్గర గీతను రెండు ముక్కలు చేస్తే సరిపోయింది.

బుధవారం రాత్రి: అన్నిటికన్నా చిన్న ప్రయాణం

పెద్ద దూరాల కన్నా చిన్నవే లెక్కను గట్టిగా పరీక్షిస్తాయి. స్కాట్లండ్ ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి ఒక సర్వీసు నడుస్తుంది. షెడ్యూలు ప్రకారం నడిచే విమాన ప్రయాణాల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది. మధ్య దూరం మూడు కిలోమీటర్ల లోపే. టైమ్‌టేబుల్‌లో రెండు నిమిషాలు, గాలి అనుకూలిస్తే నిమిషం లోపే దిగిన సందర్భమూ ఉంది. 'దూరాన్ని భాగించి అరగంట కలుపు' అనే సూత్రం ఇక్కడ ముప్పై నిమిషాలంటుంది. ఆ అరగంట పెద్ద జెట్ విమానానిది. రెండు పంకాల చిన్న ఐలాండర్ విమానానికి అది అక్కర్లేదు.

కాబట్టి విమానం రకం అడగకుండా సమయం చెప్పడం కుదరదు. మూడు రకాలు పెట్టాను: చిన్న పంకాల విమానం, ఒక నడవా ఉన్న జెట్, రెండు నడవాలున్న పెద్ద జెట్. దూరాన్ని బట్టి ప్రోగ్రామ్ ఒకటి ఎంచుకుంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు.

శనివారం: గాలి లేదనుకుంటే

ముందు గాలి ఊసెత్తకుండా సమయం కట్టాను. జెట్ విమానాల వేగాన్ని మాక్ సంఖ్యలో చెబుతారు, అంటే ధ్వని వేగంలో ఎంత భాగమని. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి 0.78 దగ్గర, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి 0.85 దగ్గర పోతాయి. ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ప్రామాణిక వాతావరణంలో 11 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని సెకనుకు సుమారు 295 మీటర్లు. ఆ లెక్కన 0.85 అంటే గంటకు 903 కిలోమీటర్లు, 0.78 అంటే 829.

పైకెక్కడం, కిందికి దిగడం వేరే సంగతి. చాలా దేశాల్లో 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించకూడదు. దిగేటప్పుడు పైలట్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు. 36,000 అడుగుల నుంచి దిగాలంటే 108 నాటికల్ మైళ్లు, అంటే సరిగ్గా 200 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. 400 కిలోమీటర్ల ప్రయాణంలో దిగడానికే సగం దారి పోతుంది, ఎక్కడానికి ఇంకొంత. పూర్తి వేగంతో పోయేది కొద్ది నిమిషాలే. చిన్న ప్రయాణాల్లో సగటు వేగం అంత తక్కువగా ఎందుకుంటుందో కోడ్‌లో ఈ మూడు ముక్కలూ విడివిడిగా రాశాక స్పష్టంగా కనబడింది.

ఇంకో రెండు సవరణలు. విమానం గేటు వదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా పట్టేది ఒక సమయం, చక్రాలు నేల వదిలినప్పటి నుంచి తాకేదాకా పట్టేది ఇంకొకటి. టికెట్ మీద ఉండేది మొదటిది. రన్‌వే దాకా నడిపే సమయం దాంట్లో కలిసి ఉంటుంది, రద్దీగా ఉండే చోట అదే చాలా అవుతుంది. రెండిటినీ వేర్వేరుగా చూపిస్తున్నాను. రెండోది, ఏ విమానమూ మహావృత్తాన్ని గీత గీసినట్టు పట్టుకుని పోదు. రన్‌వే దిశ, దిగే వరుస, నిర్దేశించిన దారులు ఇవన్నీ కొంత చుట్టు తిప్పుతాయి. ఐకేవో తన కార్బన్ లెక్కలో దీనికో సవరణ వాడుతుంది: 550 కిలోమీటర్ల లోపుంటే 50, అక్కణ్నుంచి 5,500 దాకా 100, ఆపైన 125 కిలోమీటర్లు కలపాలి. అదే తీసుకున్నాను. జేఎఫ్‌కే–హీత్రో 5,680 అయింది.

ఆదివారం: గాలి

ఈ ప్రాజెక్టు మొత్తానికి ప్రాణం ఈ దశే.

మధ్య అక్షాంశాల్లో, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది. భూమధ్యరేఖ వైపు వేడి, ధ్రువం వైపు చలి. ఆ తేడా ఎంత ఎక్కువుంటే గాలి అంత జోరు, అందుకే చలికాలంలో దాని బలం పెరుగుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి జేఎఫ్‌కే నుంచి హీత్రోకి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ధ్వని వేగం దాటని ప్రయాణికుల విమానాల్లో అప్పటికి అదే రికార్డు. నేల మీద కొలిస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వనిని దాటలేదా మరి? లేదు. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో మామూలు వేగంతోనే పోతోంది, ఆ గాలే మొత్తంగా తూర్పుకి కదులుతోంది.

దీన్ని లెక్కలోకి తేవడానికి యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ ఇచ్చే ఎరా5 సమాచారం తీసుకున్నాను. ప్రపంచమంతా పావు డిగ్రీ గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక్కో పీడనం దగ్గర గాలి ఎటు ఎంత వీచిందో అందులో ఉంటుంది. నెలవారీ సగటులు కూడా దొరుకుతాయి. 250 హెక్టోపాస్కల్ పీడనం ఉండే పొర దాదాపు 34,000 అడుగుల ఎత్తున ఉంటుంది, అది నాకు సరిపోతుంది. గాలిని రెండు భాగాలుగా ఇస్తారు: తూర్పుకి ఎంత, ఉత్తరానికి ఎంత. ఎరా5లో రేఖాంశాలు 0 నుంచి 360 దాకా నడుస్తాయి, విమానాశ్రయాల ఫైల్లో మైనస్ 180 నుంచి 180 దాకా. కలిపే ముందే ఒకే కొలతలోకి మార్చాలి, లేకపోతే అట్లాంటిక్ గాలి ఇంకో సముద్రం మీద నుంచి వచ్చేస్తుంది.

దారిని వంద కిలోమీటర్ల ముక్కలు చేశాను. ఒక్కో ముక్క దగ్గర దారి ఏ దిశలో ఉందో కట్టి, గాలిని వెనక నుంచి తోసే భాగం, పక్క నుంచి కొట్టే భాగం అని విడదీయాలి. ఒక ముక్క చేత్తో చేసి చూశాను. 53 డిగ్రీల ఉత్తరం, 35 డిగ్రీల పశ్చిమం, అట్లాంటిక్ నడిమధ్య. లండన్ వైపు దిశ దాదాపు 80 డిగ్రీలు. తూర్పుకి సెకనుకు 40 మీటర్లు, ఉత్తరానికి 10 మీటర్ల గాలి ఉందనుకుందాం. వెనక నుంచి తోసేది 41.1 మీటర్లు, పక్క నుంచి కొట్టేది 2.9 మీటర్లు. విమానం వేగం సెకనుకు సుమారు 251 మీటర్లు. పక్కగాలికి ముక్కు కాస్త తిప్పుకోవాలి, దానివల్ల పోయేది ఇక్కడ దాదాపు సున్నా. నేల మీద వేగం సెకనుకు 292 మీటర్లు, అంటే గంటకు 1,051 కిలోమీటర్లు. ఆ వంద కిలోమీటర్లకి 5 నిమిషాల 43 సెకన్లు. అదే గాలిలో తిరుగు ప్రయాణానికి గంటకు 755 కిలోమీటర్లే మిగులుతాయి, 7 నిమిషాల 57 సెకన్లు. ఒక్క ముక్కలో రెండు నిమిషాల పైన తేడా! అలాంటి ముక్కలు యాభై పైచిలుకు. పోయిన గంట ఇక్కడుంది.

లోపల దాగిన ఇంకో సంగతి నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. వెళ్లేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, కాబట్టి మొత్తం మీద సమానం అనిపిస్తుంది. కాదు. 5,555 కిలోమీటర్ల దారిలో ఆసాంతం 50 నాట్ల గాలి పెట్టి చూడండి. గాలి లేకపోతే రానూపోనూ 12 గంటల 18 నిమిషాలు. గాలి ఉంటే వెళ్లేందుకు 5 గంటల 35 నిమిషాలు, వచ్చేందుకు 6 గంటల 51 నిమిషాలు, కలిపి 12 గంటల 26 నిమిషాలు. ఎనిమిది నిమిషాలు నికరంగా నష్టం. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, తోడుగాలిలో తక్కువసేపు ఉంటుంది. అందుకే నష్టమే ఎప్పుడూ పైచేయి. కనుక రెండు దిశల సగటు తీసి ఒకే జవాబు చెప్పేవాళ్ల అంకె కూడా గాలి లేని అంకెతో కలవదు.

గురువారం: మూసిన ఆకాశం

దగ్గరి దారి ఉన్నంత మాత్రాన విమానం అటే పోదు. ఉత్తర అట్లాంటిక్ మీద రోజూ ఆ రోజు గాలిని చూసి దారులు గీస్తారు. తూర్పుకి పోయేవాటిని జెట్ స్ట్రీమ్‌లో పెడతారు, పడమరకి పోయేవాటిని దాన్ని తప్పించి నడిపిస్తారు. అందుకని నా మహావృత్తం లెక్క పడమటి ప్రయాణాన్ని కొంచెం ఎక్కువ చేసి చూపిస్తుంది, ఆ మాట జవాబు కిందే రాసి పెట్టాను.

అంతకన్నా పెద్ద చిక్కు దేశాల ఆకాశం. హెల్సింకి నుంచి టోక్యో నరిటాకి మహావృత్తం వెంట 7,850 కిలోమీటర్ల లోపే, దాదాపు అంతా రష్యా మీదుగా. 2022 ఫిబ్రవరి చివర్లో యూరోపియన్ యూనియన్ విమాన సంస్థలకు రష్యా తన ఆకాశాన్ని మూసేసింది. తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల్లో అయ్యే ఫిన్‌ఎయిర్ ప్రయాణం పదమూడు గంటలకు చేరింది. ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి వెళ్లాల్సొచ్చింది. దూరం అంగుళం మారలేదు. సమయం దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. దీనికి సూత్రం లేదు. మధ్యలో ఏయే చోట్ల మీదుగా పోవాలో చేత్తో ఇచ్చే వీలు పెట్టాను: బిందువులు ఇస్తే ఒక్కో ముక్కకీ విడిగా దూరం, గాలి కట్టి కలుపుతుంది.

శుక్రవారం: గడియారం

ఇప్పుడు టైమ్ జోన్. విమానాశ్రయం అక్షాంశ రేఖాంశాల నుంచి ఏ జోన్‌లో ఉందో వెతికి, ఐఏఎన్ఏ వాళ్ల టైమ్ జోన్ల డేటాబేస్‌లో దానికున్న పేరుతో దాచుకున్నాను. 'ఇన్ని గంటల తేడా' అని అంకె దాచుకుంటే పని జరగదు. న్యూయార్క్, లండన్ మధ్య తేడా అయిదు గంటలని అందరికీ తెలుసు. కానీ అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి జరుగుతుంది, బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. అక్టోబరు చివర్లోనూ ఒక వారం ఇదే పరిస్థితి. ఖాట్మండు లాంటి చోట తేడాలో మూడు పావుల గంట కూడా ఉంటుంది. తేదీ లేకుండా దిగే సమయం చెప్పకూడదని అందుకే నిర్ణయించాను.

నాకు బాగా నచ్చిన పరీక్ష సమోవా నుంచి అమెరికన్ సమోవాకి. రెండు విమానాశ్రయాల మధ్య సుమారు 150 కిలోమీటర్లు. మధ్యలో తేదీ మారే రేఖ ఉంది, గడియారాల తేడా సరిగ్గా 24 గంటలు. సమోవా 2011 డిసెంబరు 30ని క్యాలెండర్‌లోంచి తీసేసి రేఖకి ఇవతలికి వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఎక్కితే గంట లోపే దిగుతారు, శుక్రవారం మధ్యాహ్నానికి. ప్రోగ్రామ్ మొదటిసారే సరైన తేదీ చూపించింది, ఎందుకంటే లెక్కంతా ప్రపంచ ప్రామాణిక సమయంలో చేసి, చివర్లో మాత్రమే స్థానిక గడియారానికి మారుస్తోంది.

శనివారం: తెర మీద ఏముంది

పేర్లు, తేదీ ఇస్తే ఇప్పుడు వచ్చేది ఇది. మహావృత్త దూరం కిలోమీటర్లలోనూ నాటికల్ మైళ్లలోనూ. దాని కింద రెండు వరుసలు, వెళ్లే దిశకి ఒకటి, వచ్చే దిశకి ఒకటి. ఒక్కో వరుసలో గాలిలో ఉండే సమయం, గేటు నుంచి గేటుకి పట్టే సమయం, ఆ నెల సగటు గాలి ఎన్ని నిమిషాలు కలిపిందో లేక తగ్గించిందో. నిమిషాల దాకా ఒకే అంకె ఇవ్వడం లేదు, 'ఇంత నుంచి ఇంత' అని ఇస్తున్నాను. సగటు గాలితో కట్టినది రేపటి విమానానికి నిమిషం తేడా లేకుండా సరిపోతుందని చెప్పడం అబద్ధమవుతుంది.

మిగిలిన పెద్ద పని దక్షిణ పసిఫిక్. సిడ్నీ నుంచి శాంటియాగోకి దగ్గరి దారి అంటార్కిటికా వైపు బాగా వంగుతుంది, రెండు ఇంజన్ల విమానాలకు మాత్రం ఒక ఇంజన్ ఆగిపోతే ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలనే ఈటాప్స్ నియమం ఉంది. దారిలో ప్రతి వంద కిలోమీటర్ల ముక్క దగ్గరా అతి దగ్గరి విమానాశ్రయం ఎంత దూరముందో వెతికే ఫంక్షన్ రాయడం మొదలుపెట్టాను. ఒక ఇంజన్‌తో పోయే వేగం విమానం రకాన్ని బట్టి వేరు కాబట్టి ముందు ఆ పట్టిక తయారు చేయాలి.